వియత్నాం ఇంటి సూప్ 'కాన్': పంది మాంసం, కూరగాయలు, ఉప్పు ఏది ఎప్పుడు పడాలి

వియత్నాం వాళ్లు ఇంట్లో రోజూ చేసుకునే కూరగాయల సూప్ ఎలా వండాలో నాలుగు చోట్ల చదివితే నాలుగు రకాలుగా ఉంటుంది. ఎముకలు ముందు ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోయాలని ఒకరంటారు, ఆ అవసరమే లేదని ఇంకొకరు. ఒకచోట ఇరవై నిమిషాల్లో పొయ్యి దిగిపోతుంది, మరోచోట గంటకు పైగా పడుతుంది. సాంబారు ఉల్లిపాయలు నూనెలో వేయించి మొదలుపెట్టేవాళ్లున్నారు, సూప్‌లో నూనె చుక్క కూడా వేయనివాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. 'కాన్' అనే ఒకే పేరు కింద చాలా వంటలున్నాయి, ఎవరికి వారు తమ ఇంట్లో చేసేది చెబుతున్నారు, అన్నీ కలిపేసి ఒకే రెసిపీ చేసుకోబోతే చిక్కు వస్తుంది. ఏ పని ఎందుకు చేస్తారో తెలిస్తే ఆ చిక్కు దానంతట అదే విడిపోతుంది, పైగా రెసిపీ చూడకుండానే ఇంట్లో ఉన్న కూరగాయతో చేసుకోవచ్చు.

ముందు ఫోని పక్కన పెట్టాలి. ప్రపంచానికి తెలిసిన వియత్నాం సూప్ ఫో కాబట్టి చాలామంది దాని పద్ధతులే ఇక్కడికి తెచ్చేస్తారు: దాల్చిన చెక్క, అనాస పువ్వు, కాల్చిన అల్లం, గంటల తరబడి మరిగించిన ఎముకలు. ఫో ఒక్కటే ఒక పూట భోజనం, దాన్ని ఎక్కువగా బయటే తింటారు. కాన్ అలా కాదు, అది అన్నంతో పాటు ఉండే వంట. వియత్నాం ఇంట్లో భోజనానికి కూర్చుంటే ఎవరి గిన్నెలో వాళ్లకి అన్నం, మధ్యలో ఉప్పగా తియ్యగా దగ్గరికి వండిన మాంసమో చేపో, ఒక ఆకుకూర వేపుడో ఉడికించిన కూరగాయలో, పక్కనే పెద్ద గిన్నెలో కాన్. మనం చారు అన్నంలో పోసుకున్నట్టే వాళ్లూ కాన్‌ని అన్నం మీద పోసుకుంటారు, మిగిలింది తాగేస్తారు. అందుకే దాని రుచి పలచగా, తేటగా ఉండాలి. పక్కనున్న కూర ఘాటుగా ఉప్పగా ఉంటుంది కాబట్టి నోటికి కాస్త ఊరటనిచ్చే పని దీనిది. ఇది గుర్తుంచుకుంటే మిగతా నిర్ణయాలు సగం తేలికవుతాయి, మసాలా ఎందుకు వేయరు, చిక్కగా ఎందుకు చేయరు, మాంసం ఎందుకు అంత తక్కువ అనే ప్రశ్నలన్నిటికీ జవాబు ఇక్కడే ఉంది.

మాంసం నిజంగానే తక్కువ. నలుగురికి సరిపడే సూప్‌కి 150 నుంచి 200 గ్రాముల కైమా చాలు, ఎముకల ముక్కలైతే అరకిలో. కూరగాయే అసలు వంట, మాంసం దానికి రుచి ఇవ్వడానికి వస్తుంది. రొయ్య మీసాలు, సొరకాయ లోపలి గుజ్జు కలిపి వండితే మొగుడు పోసుకుని పెళ్లాం జుర్రుకుని ఇద్దరూ బాగుందని తల ఊపారని వియత్నాంలో ఒక జానపద మాట ఉంది. ఎవరైనా పారేసే రెండు వస్తువులతో చేసిన సూప్ అది. పేదరికం, సంసారం, రుచి మూడూ ఒకే గిన్నెలో ఉన్నాయి అందులో. కాన్‌ని ఖరీదైన వంటలా తయారు చేసి, మాంసం రెట్టింపు వేసి, 'రిచ్'గా చేయాలని చూసేవాళ్లకి నేను చెప్పేది అదే: అలా చేస్తే బాగుండొచ్చు, కానీ అది వేరే వంట.

ఇక మొదటి నిర్ణయం కైమానా, ఎముకలా అన్నది. సమయం, పద్ధతి, ఏ కూరగాయ వేయాలన్నది కూడా దీని మీదే ఆధారపడి ఉంటాయి.

కైమాతో చేసేది పని రోజుల సూప్. మాంసం సన్నగా తరిగి ఉంటుంది కాబట్టి దానిలోని రుచి నీళ్లలోకి నిమిషాల్లో దిగిపోతుంది, ఎక్కువసేపు మరిగిస్తే వచ్చే లాభం ఏమీ లేదు, ముక్క గట్టిపడి ఇసుకలా అవుతుంది అంతే. మరీ కొవ్వు లేని కైమా తీసుకోవద్దు, కొంచెం కొవ్వు ఉంటేనే మెత్తగా ఉంటుంది. దానికి సన్నగా తరిగిన ఉల్లికాడల తెల్ల భాగం, మిరియాల పొడి, ఒక చెంచా ఫిష్ సాస్ (చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే ద్రవం) కలిపి పది నిమిషాలు పక్కన పెట్టాలి. ఇక్కడ చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది, కైమా మరిగే నీళ్లలో పడగానే ఒకే ముద్దగా గడ్డకట్టడం. దీనికి వియత్నాం ఇళ్లలో రెండు దారులున్నాయి. ఒకటి, కైమాలో నాలుగైదు చెంచాల చల్లటి నీళ్లు పోసి వేళ్లతో విడదీసి, మరుగుతున్న ఎసట్లో పోస్తూ గరిటెతో కలపడం. రెండోది, చెంచాతో చిన్న చిన్న ఉండలుగా తీసి నీళ్లలో వదలడం, పిల్లలున్న ఇళ్లలో ఇది బాగా నడుస్తుంది. ముందే సాంబారు ఉల్లిపాయలు కొద్దిగా నూనెలో వేయించి, అందులోనే కైమా తిప్పి, తర్వాత నీళ్లు పోసేవాళ్లు కూడా ఉన్నారు. అలా చేస్తే వాసన ఎక్కువ, తేటదనం తక్కువ, పైన నూనె చుక్కలు తేలతాయి. నాకు ఆకుకూరలతో చేసేటప్పుడు ఆ పద్ధతి నచ్చుతుంది, బూడిద గుమ్మడి లాంటి సున్నితమైన కాయతో మాత్రం నచ్చదు.

ఎముకలతో చేసేదానికి పక్కటెముకల ముక్కలు వాడతారు. చిన్న ఎముక, దాని చుట్టూ కాస్త మాంసం, మధ్యలో మృదులాస్థి ఉన్న ముక్కలైతే మంచివి, కొట్టించేటప్పుడే రెండంగుళాల ముక్కలుగా కొట్టించుకోవాలి. పారబోసే నీళ్ల సంగతి ఇక్కడ వస్తుంది. మాంసంలో నీళ్లలో కరిగే ప్రోటీన్లు ఉంటాయి, వేడి తగలగానే అవి గడ్డకట్టి బూడిద రంగు తెట్టులా పైకి తేలతాయి. అది మురికి కాదు, విషం అంతకన్నా కాదు. కానీ తీయకుండా వదిలేస్తే సెగకి చిన్న చిన్న తునకలుగా విరిగి సూప్ అంతా కలిసిపోయి మబ్బుగా చేస్తుంది. ఎముకలకి కొట్టినప్పుడు పట్టిన పొడి, నెత్తురు కూడా ఉంటాయి కాబట్టి తెట్టు ఇంకా ఎక్కువ వస్తుంది. అందుకే ముక్కలని విడిగా నీళ్లలో వేసి ఒక పొంగు రానిచ్చి, మూడు నాలుగు నిమిషాలుంచి, ఆ నీళ్లు పారబోసి, ముక్కలు చల్లటి నీళ్లతో కడిగి, కొత్త నీళ్లతో అసలు వంట మొదలుపెడతారు. రుచి పోతుందేమో అని టెన్షన్ అక్కర్లేదు, పోయేది కొద్దిగానే. కైమాకి ఇలా చేయలేం, చేస్తే రుచంతా ఆ నీళ్లలోనే పోతుంది, అక్కడ తెట్టుని గరిటెతో తీసుకోవడం ఒక్కటే మార్గం. ఒకరు పారబోయమనడానికీ ఇంకొకరు వద్దనడానికీ కారణం ఇదే.

తేటగా ఉండడానికి రెండో కారణం సెగ. సూప్ గలగలా మరిగితే ఆ కుదుపులకి కొవ్వు సన్న బిందువులుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది, అప్పుడు సూప్ పాలలా తెల్లబడుతుంది. జపాన్‌లో పంది ఎముకలతో చేసే రామెన్ అనే నూడుల్స్ సూప్‌కి కావాలనే అలా చేస్తారు. కాన్‌కి అది వద్దు. అక్కడక్కడ ఒక బుడగ పైకి వచ్చేంత సన్న సెగ చాలు, మూత పూర్తిగా పెట్టకూడదు, పెడితే లోపల వేడి పెరిగి మళ్లీ మరుగు ఎక్కుతుంది. ఆ సెగ మీద 45 నిమిషాల నుంచి గంట. ఎముకల చుట్టూ ఉండే కొల్లాజెన్ మెల్లగా జెలటిన్‌గా మారి నీళ్లలోకి దిగడానికి ఆ సమయం కావాలి, సూప్ తాగినప్పుడు పెదాలకి తగిలే కొంచెం జిగురు దానివల్లే. గంట దాటాక ఈ వంటకి పెద్దగా కలిసొచ్చేది లేదు, ముక్క ఎముక వదిలి పీచులు పీచులుగా అయిపోతుంది.

మన ఇళ్లలో కుక్కర్ ఉంటుంది కాబట్టి అది వాడొచ్చా అన్న ప్రశ్న తప్పదు. వాడొచ్చు, సరిగ్గా వాడితే సూప్ ఇంకా తేటగా వస్తుంది కూడా. లోపల ఒత్తిడి నిలకడగా ఉన్నంతసేపు నీళ్లు పైకి కిందకి కుదుపుగా మరగవు. విజిల్ వచ్చినప్పుడల్లా ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి లోపల అంతా తెర్లుతుంది, మబ్బు అక్కడ పుడుతుంది. కాబట్టి పది విజిల్స్ లెక్కపెట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మొదటి విజిల్ రాబోతుండగానే మంట బాగా తగ్గించి 15 నుంచి 20 నిమిషాలుంచి, కట్టేశాక ఆవిరి దానంతట అది పోయేదాకా ఆగాలి. వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేశారంటే అప్పటిదాకా పడ్డ జాగ్రత్త వృథా. కూరగాయలు మాత్రం కుక్కర్‌లో వేయొద్దు, మూత తీశాక మామూలు మంట మీద ఉడికించాలి.

కూరగాయల దగ్గరకి వస్తే తెలుగువాళ్లకి ఇది పరాయి వంట అన్న భావన పోతుంది. సొరకాయ, బీరకాయ జాతి కాయ, బూడిద గుమ్మడి, కాకరకాయ, బచ్చలి, తోటకూర, మునగాకు, చేమదుంప, పచ్చి బొప్పాయి, ఇవన్నీ అక్కడ కాన్‌లో పడే కూరగాయలే. ఎర్ర తోటకూరతో చేస్తే సూప్ గులాబీ రంగులోకి మారుతుంది, పిల్లలకి అదంటే సరదా. బాలింతలకి పాలు పడతాయని పచ్చి బొప్పాయి, పంది కాలి ముక్కలు కలిపి వండి పెట్టడం అక్కడి ఆనవాయితీ. కాకరకాయలో కైమా కూరి వండే సూప్ దక్షిణ వియత్నాంలో కొత్త సంవత్సరం పండుగ తెత్‌కి చాలా ఇళ్లలో ఉంటుంది. సొరకాయలో ఎండు రొయ్యలు వేసి కాన్ చేస్తారు, కోస్తా జిల్లాల్లో సొరకాయ ఎండు రొయ్యల కూర తిన్నవాళ్లకి ఆ జోడీ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక క్యారెట్, బంగాళాదుంప, నూల్‌కోల్, బెంగుళూరు వంకాయ పక్కటెముకలతో కలిపి వండే సూప్ ఉంది చూశారా, విదేశాల్లో వియత్నాం కూరగాయల సూప్ అని ఎక్కువ కనిపించేది అదే. క్యారెట్, బంగాళాదుంప లాంటివి ఫ్రెంచివాళ్ల పాలన కాలంలో అక్కడ సాగులోకి వచ్చాయి, ఇప్పటికీ దా లాత్ చుట్టుపక్కల చల్లటి కొండ ప్రాంతం నుంచి అలాంటి కూరగాయలు దేశమంతా వెళతాయి.

కూరగాయకి తగిన మాంసం ఏదన్నది ఉడికే సమయాన్ని బట్టి తేలుతుంది. దుంపలు, గట్టి కాయలు ఎముకలతో, ఆకుకూరలు కైమాతో. ఇది కచ్చితమైన నియమం కాదు, బూడిద గుమ్మడి రెండింటితోనూ కుదురుతుంది, కానీ గంట ఉడికించిన ఎముకల నీళ్లలో తోటకూర వేయడం కంటే పదిహేను నిమిషాల కైమా సూప్‌లో వేస్తేనే దాని రుచి తెలుస్తుంది. దుంపలు ఒకటిన్నర అంగుళం ముక్కలు కోసి, బంగాళాదుంపని నీళ్లలో రెండుసార్లు కడగాలి, పైనున్న పిండి సూప్‌ని మబ్బుగా చేస్తుంది. క్యారెట్, నూల్‌కోల్ ముందు, ఐదు నిమిషాలాగి బంగాళాదుంప. మొత్తం పదిహేను, ఇరవై నిమిషాలు. ఆకుకూర అయితే మరుగుతున్న సూప్‌లో వేసి మూత పెట్టకుండా రెండు మూడు నిమిషాల్లో దించేయాలి. ఆకుల్లోంచి వచ్చే ఆమ్లాలు కొన్ని ఆవిరితో బయటికి పోవాలి, మూత పెడితే అవి తిరిగి నీళ్లలోకే వస్తాయి, పచ్చదనం పోయి ఆకు బురద రంగులోకి మారుతుంది. పులుపు కావాలనుకుని చింతపండో టమాటానో వేస్తే దుంపలు ఉడికిన తర్వాతే వేయాలి, పులుపు ముందు పడితే కూరగాయ గోడల్లోని పెక్టిన్ త్వరగా మెత్తబడదు. పప్పులో చింతపండు చివర్లో వేయడం వెనకున్న అనుభవం కూడా దాదాపు ఇదే.

ఇప్పుడు అసలు రుచి ఎక్కడ నుంచి వస్తుందన్న సంగతి. అల్లం వెల్లుల్లి ముద్ద లేదు, కారం లేదు, మసాలా లేదు, తిరగమోత లేదు. మరి నీళ్లలో మాంసం, సొరకాయ ఉడికిస్తే రుచేముంటుంది? 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచులో గ్లుటమేట్ అనే పదార్థాన్ని గుర్తించి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. 1913లో షింతారో కొడామా ఎండబెట్టిన చేపలో ఇనోసినేట్ అనే ఇంకొకటి కనుక్కున్నాడు. తర్వాతి పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, ఈ రెండూ కలిస్తే రుచి కూడికలా పెరగదు, కొన్ని రెట్లు పెరుగుతుంది. పంది మాంసంలో ఇనోసినేట్ బాగా ఉంటుంది. ఫిష్ సాస్‌లో గ్లుటమేట్ బాగా ఉంటుంది. అంతే, కాన్ గుట్టు అక్కడుంది. ఇంత తక్కువ మాంసంతో గిన్నెడు సూప్‌కి రుచి రావడం, సొరకాయ లాంటి చప్పటి కాయ కూడా నిలబడడం ఆ జోడీ వల్లే. టమాటా వేస్తే గ్లుటమేట్ ఇంకొంచెం, పుట్టగొడుగులు వేస్తే ఇనోసినేట్ తరహాకి చెందిన మరో పదార్థం తోడవుతుంది.

ఫిష్ సాస్‌ని అక్కడ నూక్ మామ్ అంటారు. చిన్న నెత్తళ్లు, ఉప్పు సుమారు మూడు పాళ్లకి ఒక పాలు కలిపి పెద్ద చెక్క పీపాల్లో ఏడాది దాకా ఊరబెడితే దిగే ద్రవం ఇది. ఫూ క్వోక్ దీవిలో తయారయ్యేది బాగా పేరున్నది, 2012లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుకి రక్షణ కూడా ఇచ్చింది. సీసా మీద 30, 40 అని ఒక అంకె కనిపిస్తే అది లీటరుకి ఎన్ని గ్రాముల నైట్రోజన్ ఉందో చెప్పేది, అంటే చేప సారం ఎంత చిక్కగా దిగిందో తెలుస్తుంది. సూప్‌కి ఎక్కువ అంకె ఉన్న ఖరీదైనది అక్కర్లేదు, అది నంజుకోవడానికి దాచుకోండి. దినుసుల జాబితా మాత్రం చదవండి, చేప, ఉప్పు, మహా అయితే చక్కెర, అంతకు మించి చాంతాడంత ఉంటే పక్కన పెట్టేయండి. మూత తీయగానే వచ్చే వాసనకి భయపడి వదిలేసేవాళ్లున్నారు, వేడి సూప్‌లో అది దాదాపు తెలియదు.

ఎప్పుడు వేయాలన్నదానికి జవాబు: రెండుసార్లు. మాంసానికి పట్టించేటప్పుడు కొంచెం, అది ముక్క లోపలి రుచికి. దించే ముందు మిగతాది, అది వాసనకి. గంటసేపు మరిగిస్తే ఉప్పు ఎక్కడికీ పోదు గానీ వాసన ఎగిరిపోతుంది. ఉప్పు కూడా మొదట్లో పూర్తిగా వేసేయొద్దు, నీళ్లు మరిగి తగ్గాక ఉప్పనవుతుంది. ఒక టేబుల్ స్పూన్ ఫిష్ సాస్‌లో సుమారు 1,400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది. బీపీ ఉన్నవాళ్ల ఇంట్లో సూప్‌లో ఉప్పు తగ్గించి, మిరియాలు, కొత్తిమీర, ఉల్లికాడలు పెంచడం మంచిది. ఉత్తర వియత్నాం కంటే దక్షిణాన చిటికెడు చక్కెర ఎక్కువ వేస్తారు, అది ఇష్టాన్ని బట్టి. హాత్ నేమ్ అని అక్కడ ప్రతి కిరాణా కొట్లో దొరికే మసాలా పలుకులు కూడా చాలా ఇళ్లలో వేస్తారు, అందులో ఉండేది ప్రధానంగా ఉప్పు, ఎంఎస్‌జీ (గ్లుటమేట్‌తో చేసే రుచి పొడి), మాంసం సారం. వాడినంత మాత్రాన వంట అసలుది కాకుండా పోదు, కానీ అది వేస్తే ఫిష్ సాస్ తగ్గించాలి.

పంది మాంసం గురించి తెలుగు ఇళ్లలో ఉండే ఒక భయాన్ని ఇక్కడే మాట్లాడుకోవాలి. అది తింటే మెదడులోకి పురుగులు వస్తాయంటారు. ఇందులో సగం నిజం ఉంది, సగం తారుమారైంది. సరిగ్గా ఉడకని, బద్దె పురుగు (టేప్‌వార్మ్) తిత్తులున్న పంది మాంసం తింటే పేగుల్లో ఆ పురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు వచ్చేది మాత్రం ఆ పురుగు గుడ్లు కడుపులోకి పోవడం వల్ల, అంటే ఆ పురుగు ఉన్న మనిషి మలంతో కలుషితమైన నీళ్లు, కడగని ఆకుకూరలు, శుభ్రం లేని చేతుల ద్వారా. మాంసం ముట్టనివాళ్లకి కూడా అది వస్తుంది. కాబట్టి శుభ్రమైన చోట కొనడం, మాంసంలో బియ్యపు గింజల్లాంటి తెల్లటి తిత్తులు కనిపిస్తే వద్దనడం, కొత్తిమీర, ఉల్లికాడలు బాగా కడగడం, ఈ మూడూ ముఖ్యం. లోపలి వేడి కైమాకి 71 డిగ్రీల సెల్సియస్ దాటాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది, మరిగే సూప్‌లో విడదీసి వేసిన కైమా పది నిమిషాలకు పైగా ఉడుకుతుంది కాబట్టి అది దాటేస్తుంది, రంగు ఒక్కటే చూసి ఉడికిందని అనుకోవద్దు.

పంది మాంసం తినని ఇంట్లో కూడా కాన్ చేసుకోవచ్చు, అదేమీ సర్దుబాటు వంట కాదు. అక్కడే కోడితో, రొయ్యలతో, పీతలతో చేస్తారు. బౌద్ధులు చాలామంది చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు శాకాహారమే తింటారు, ఆ రోజుల్లో పుట్టగొడుగులు, టోఫు వేసి చేస్తారు. ఫిష్ సాస్ దొరక్కపోతే గుప్పెడు ఎండు రొయ్యలు తల, తోక తీసి, వేడి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లతో సహా వేయండి, ఉప్పు విడిగా సరిచూసుకోండి.

మొదటిసారి చేసేవాళ్లకి నేను బూడిద గుమ్మడి, కైమా చెబుతాను. మన దగ్గర ఆ కాయని గుమ్మానికి కట్టడానికీ వడియాలకీ తప్ప పెద్దగా పట్టించుకోరు, అక్కడేమో ఎండాకాలం ఒంటికి చలవ అని వారంలో ఎన్నిసార్లయినా వండుతారు. వడియాలకి వాడే బాగా ముదిరిన కాయ కంటే కాస్త లేతది తీసుకోండి. అరకిలో ముక్కకి చెక్కు, గింజలు తీసి వేలు మందం బిళ్లలుగా కోయాలి. 1.2 లీటర్ల నీళ్లు మరిగించి, ముందు చెప్పినట్టు కలిపి పెట్టిన 150 గ్రాముల కైమా విడదీసి వేసి, సెగ తగ్గించి, పైకి వచ్చిన తెట్టు ఓపికగా తీసేయండి, ఈ ఐదు నిమిషాలు గరిటె వదలొద్దు. తర్వాత బూడిద గుమ్మడి ముక్కలు, అర టీస్పూన్ ఉప్పు. ఎనిమిది, పది నిమిషాల్లో ముక్కలు గాజులా పారదర్శకంగా అవుతాయి, అప్పటికి ఉడికినట్టే, ఇంకా ఉంచితే కరిగిపోతాయి. టేబుల్ స్పూన్ ఫిష్ సాస్ వేసి రుచి చూసి, చాలకపోతే ఇంకొంచెం. పొయ్యి కట్టేశాక ఉల్లికాడల ఆకుపచ్చ భాగం, కొత్తిమీర, అప్పుడే దంచిన మిరియాలు. మిరియాల ఎగుమతిలో ప్రపంచంలో ముందున్న దేశం వాళ్లది, పాత డబ్బాలో పొడి వేసి ఆ రుచి చెడగొట్టుకోవద్దు.

తినేటప్పుడు కాన్ ఒక్కటే చాలదు, పక్కన ఉప్పగా ఉండే వంట ఒకటి ఉండాలి. చేపల వేపుడో, గుడ్లు వేసి దగ్గరికి వండిన మాంసమో, మన దగ్గరైతే ఎండు చేపల వేపుడు కూడా బాగా కుదురుతుంది. పచ్చిమిర్చి సూప్‌లో వేయకుండా, చిన్న గిన్నెలో ఫిష్ సాస్‌లో చక్రాలుగా కోసి వేసి పెడితే కారం కావాలన్నవాళ్లు ముక్కని అందులో అద్దుకుని తింటారు. మిగిలితే, ఎముకల సూప్ రెండు గంటల్లోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులుంటుంది, పైన గడ్డకట్టిన కొవ్వు చెంచాతో తీసేసి వేడి చేసుకోవచ్చు. ఆకుకూరతో చేసింది మాత్రం ఆ పూటకే, మర్నాటికి ఉంచాలనుకుంటే సూప్ విడిగా దాచి, ఆకు అప్పటికప్పుడు వేసుకోండి.